పాస్తాకి సాస్ ఎంత ఉండాలి?

విదేశాల్లో దొరికే ఇటాలియన్ తిండి మీద వాదన ఎప్పుడు మొదలైనా కార్బొనారాలో క్రీమ్ దగ్గరో, పిజ్జా మీద పైనాపిల్ దగ్గరో మొదలవుతుంది. కార్బొనారా అంటే పాస్తాలో గుడ్డు, పెకొరీనో అనే గొర్రెపాల చీజ్, పంది చెంప మాంసం, మిరియాలు, ఇంకేం వేసినా అది కార్బొనారా కాదు అని ఒకరంటారు. రుచిగా ఉంటే చాలదా అని ఇంకొకరు. నేను ఇటలీలోని బొలోన్యాలో చదువుకున్నాను, తర్వాత ఉద్యోగానికి న్యూజెర్సీ వెళ్ళాను, ఏటా హైదరాబాద్ వచ్చి పోతుంటాను. మూడు చోట్లా ఈ తిండి తిన్నాక నాకు అనిపించేది ఒకటే. క్రీమ్ పడిందా లేదా అన్నది చిన్న సంగతి. ఇటలీ దాటాక ఆ వంటలో ముందు పోయేది పొదుపు. ఎంత తక్కువ వస్తువులతో ఎంత రుచి తేవచ్చో తెలిసిన చెయ్యి పోతుంది, దాని బదులు ప్లేటు నిండుతుంది. నా బాధ అది.

ముందు 'అసలు సిసలు' వాదం సంగతి చూద్దాం, ఎందుకంటే నేను ఆ పక్షం కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన వంటల పుస్తకాల్లో ఈ కార్బొనారా కనిపించదు. 1954లో సాక్షాత్తూ ఇటలీలో ఒక వంటల పత్రిక అచ్చేసిన కార్బొనారాలో వెల్లుల్లి ఉంది, గ్రూయేర్ అనే స్విస్ చీజ్ ఉంది. ఇటలీలో మొట్టమొదట, హోటళ్ళకిచ్చే అత్యున్నత గుర్తింపైన మూడు మిషెలిన్ స్టార్లు తెచ్చుకున్న షెఫ్ గ్వాల్తియేరో మార్కేసి తన కార్బొనారాలో క్రీమే వేశాడు. చాబాటా రొట్టె పుట్టింది 1982లో. తిరామిసు అనే తీపి వంటకం పేరు నలుగురికీ తెలిసింది 1970ల తర్వాత. టమాటా, మిరపకాయ, మొక్కజొన్న మనకు వచ్చినట్టే వాళ్ళకూ అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. అసలు 1861 దాకా ఇటలీ అన్న ఒకే రాజ్యమే లేదు. తాతల నాటి వంటను పరాయివాళ్ళు పాడు చేశారన్న మాట అందుకే నిలబడదు. వంట మారుతుంది, మారాలి. ఎటు మారిందన్నదే నాకు పట్టింపు.

బొలోన్యా రగూ అనే మాంసం సాస్ సంగతే తీసుకోండి. ప్రపంచమంతా స్పగెట్టి బొలోనీజ్ అని తినేదానికి మూలం ఇదే. ఆ ఊళ్ళో దీన్ని స్పగెట్టితో తినరు. గుడ్లు వేసి కలిపిన పిండిని పల్చగా ఒత్తి, సన్నటి పట్టీలుగా కోసిన తల్యాతెల్లెతో తింటారు. 2019లో ఆ నగర మేయర్, ఎక్కడ స్పగెట్టి బొలోనీజ్ కనిపించినా ఫొటో తీసి పంపమని జనాన్ని అడిగాడు. అంతకు చాలా ముందే, 1982లో, ఇటాలియన్ వంటల అకాడమీ వాళ్ళు రగూ పాళ్ళను బొలోన్యా వాణిజ్య మండలిలో రిజిస్టర్ చేయించారు. 300 గ్రాముల గొడ్డు మాంసానికి 150 గ్రాముల పంచెట్టా అనే ఉప్పు పట్టించిన పంది మాంసం, ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ తలా 50 గ్రాములు, అర గ్లాసు వైన్, ఒక గ్లాసు పాలు. టమాటా సాస్ ఐదు చెంచాలు. ఐదంటే ఐదే. 2023లో ఆ పాళ్ళను సవరించి టమాటాను 200 గ్రాములకు పెంచారు, పాలు ఇష్టముంటే పోసుకోమన్నారు. వెల్లుల్లి వెయ్యడం, పిండి కలిపి చిక్కబరచడం మాత్రం ఇప్పటికీ కూడదు. ముద్ర పడిన పాళ్ళే మారాయి చూడండి, అయినా రగూ రగూలాగే ఉంది.

బొలోన్యాలో నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఆదివారం పొద్దున్నే ఆవిడ వంటింట్లోంచి కత్తి చప్పుడు వినిపించేది. ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ అన్నీ ఒకే సైజులో, చాలా సన్నగా తరిగి, పంచెట్టా కరిగిన కొవ్వులో రంగు తిరగకుండా మగ్గబెట్టేవారు. మాంసం వేశాక మంట పెంచి, నీరంతా ఇగిరి గిన్నెలో సన్నగా చిటపట మొదలయ్యేదాకా గరిటె ఆపేవారు కాదు. ఆ చిటపట వినిపిస్తేనే వైన్ పోసేది. తర్వాత మంట ఎంత తగ్గించేవారంటే, గిన్నెలో ఎక్కడో ఒక మూల ఒక బుడగ లేచి పగిలేది, కాసేపటికి ఇంకోటి. అలా మూడు గంటలు. మధ్యమధ్య కాసిని పాలు. చివరికి కొవ్వు పైకి తేలి, ఎరుపు తగ్గి ఇటుక రంగు తిరిగి, దాదాపు పొడిపొడిగా ఉండే మాంసం తయారయ్యేది. మన దగ్గర ఇగురు అనే స్థితికి బాగా దగ్గర.

అసలు విద్య కనిపించేది ఆ తర్వాత. ఉడికిన తల్యాతెల్లెను నీళ్ళలోంచి తీసి నేరుగా రగూ ఉన్న పెనంలోకి వేసేవారు. ఆ ఉడికిన నీళ్ళే ఒక గరిటెడు పోసి, పెనాన్ని ఎగరేస్తూ గబగబా కలిపేవారు. ఆ నీళ్ళలో పిండి దిగి ఉంటుంది కాబట్టి కొవ్వూ నీళ్ళూ విడిపోకుండా పాస్తాకు పట్టుకుంటాయి. వడ్డించాక ప్లేటు అడుగున సాస్ నిలవదు. ప్రతి పట్టీకీ కాస్త కాస్త మాంసం అంటుకుని ఉంటుంది, పట్టీ పసుపు రంగు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. మొదటిసారి నేను ఇంకొంచెం రగూ అడిగితే ఆవిడ గిన్నె మీద మూత పెట్టేశారు. "పొద్దున లేచి పిండి ఒత్తింది నేను. ఆ రుచి నీకు తెలియాలి కదా" అన్నారు.

మనం ఆవకాయ కలుపుకునే తీరు అది. ముద్దకు ఎంత కావాలో అంతే తీసుకుంటాం. ఎంత ప్రాణమైనా కంచం నిండా ఆవకాయ పోసుకుని పైన నాలుగు మెతుకులు చల్లుకోం. నోట్లో తగిలేది ఆవకాయే అయినా కడుపు నింపేది అన్నం, ఆ అన్నం బాగా లేకపోతే ఏ ఆవకాయా దాన్ని నిలబెట్టలేదు. ఇటలీ ఇళ్ళలో సాస్ స్థానం అక్కడ.

న్యూజెర్సీలో మా ఆఫీసు వాళ్ళు తరచూ వెళ్ళే ఒక రెస్టారెంటు ఉంది. వంటగది హాల్లోకి కనిపించేలా కట్టారు కాబట్టి పని ఎలా జరుగుతుందో చూడొచ్చు. పాస్తాను మధ్యాహ్నమే ఉడికించి, అతుక్కోకుండా నూనె పట్టించి, డబ్బాల్లో సర్ది ఉంచుతారు. ఆర్డర్ రాగానే వేడినీళ్ళలో ఒక్క ముంచు ముంచి, ప్లేట్లో కుప్ప పోసి, పైన సాస్ ఒంపుతారు. నూనె పట్టిన పాస్తాకు సాస్ అంటుకోదు, జారి అడుక్కు పోతుంది. అంటుకోదు కాబట్టి ఇంకో గరిటె పోస్తారు. ఉడికించిన నీళ్ళలో సరిపడా ఉప్పు ఉండదు కాబట్టి పాస్తా చప్పగా ఉంటుంది, ఆ చప్పదనం పోవాలని సాస్‌లో ఉప్పు పెంచుతారు, పైన చీజ్ గుమ్మరిస్తారు. ఇటలీలో లీటరు నీళ్ళకు 100 గ్రాముల పాస్తా, 10 గ్రాముల ఉప్పు అని చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. మొదట్లో ఆ 10 గ్రాముల దగ్గర కక్కుర్తి పడితే చివర్లో దానికి పది రెట్లు ఖర్చు పెట్టినా రుచి రాదు.

ఇక అల్ఫ్రెడో. అమెరికాలో ఇటాలియన్ అనగానే గుర్తొచ్చే తెల్ల సాస్ పాస్తా. దీన్ని అమెరికావాళ్ళ కల్పన అని చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు కానీ దీనికి రోమ్‌లో చిరునామా ఉంది. అల్ఫ్రెడో ది లేలియో అనే హోటలాయన, కాన్పు తర్వాత తిండి సయించని భార్య కోసం వెన్న, పార్మిజానో చీజ్ దట్టించి ఫెట్టుచినె అనే పట్టీల పాస్తా కలిపిపెట్టాడని ఆ కుటుంబం చెప్పే కథ. బాలింతకు పెట్టిన పథ్యం లాంటిదన్నమాట. ఇప్పటికీ ఇటలీలో ఒంట్లో బాగాలేని పిల్లలకు వెన్న పాస్తాయే పెడతారు. 1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ హనీమూన్‌కి వెళ్ళి ఆయన హోటల్లో తిని మెచ్చారు, ఆ తర్వాత బంగారు ఫోర్కు, చెంచా కూడా బహూకరించారు. ఆ వంటకం పేరు అలా సముద్రం దాటింది.

క్రీమ్ ఎందుకు చేరిందో అర్థం చేసుకుంటే కోపం కొంత తగ్గుతుంది. ఆ వంటలో ఉన్నవి వెన్న, చీజ్, పాస్తా ఉడికిన నీళ్ళు, అంతే. వేడి కొంచెం ఎక్కువైతే చీజ్ తీగలు సాగి ముద్దకడుతుంది. తక్కువైతే వెన్న విడిపోతుంది. సరిగ్గా కుదిరినా వెంటనే తినాలి, ఆలస్యమైతే గట్టిపడుతుంది. అందుకే అల్ఫ్రెడో దాన్ని బల్ల దగ్గరికి తెచ్చి, తినేవాళ్ళ కళ్ళ ముందే కలిపేవాడు. వంద టేబుళ్ళ హోటల్లో, వారం కిందట పనిలో చేరిన కుర్రాడితో ఇది జరిగే పని కాదు. క్రీమ్ విరగదు. పొద్దున కాచిపెడితే రాత్రి దాకా అలాగే ఉంటుంది. ఏళ్ళ తరబడి మాగిన పార్మిజానో కొనక్కర్లేదు కూడా, సాదా చీజ్ వేసినా క్రీమ్ కప్పేస్తుంది. యూరప్‌లో పార్మిజానోకు తప్ప పార్మెజాన్ అన్న పేరు వేరేవాళ్ళు వాడకూడదని 2008లో అక్కడి కోర్టు తీర్పు ఇచ్చింది, అమెరికాలో ఆ అడ్డంకి లేదు. ఇదంతా హోటల్ వాళ్ళకు సుఖం, తినేవాళ్ళకు నష్టం. వెన్న, చీజ్ కలిసి గోధుమ వాసనను పైకి తెస్తాయి. ఆ క్రీమ్ సాస్ కింద ఏ పాస్తా పెట్టినా ఒకే రుచి.

ఆ అల్ఫ్రెడో మీద ముక్కలు చేసిన చికెన్ ఎందుకు వచ్చిందో చెప్పాలంటే భోజనం వరస చెప్పాలి. ఇటలీలో పాస్తా మొదటి వంతు. మనిషికి 80 నుంచి 100 గ్రాములు, అంతకు మించదు. అది అయ్యాక మాంసమో చేపో, పక్కన ఉడికించిన ఆకుకూరో సలాడో. ఒక్కోటి విడిగా వస్తుంది, ఒక్కోదాని రుచి విడిగా తెలుస్తుంది. బయటి దేశాల్లో ఒక ప్లేటే భోజనం. డబ్బులు పెట్టినవాడికి అందులోనే పిండి పదార్థం, ప్రోటీను, కూరగాయ అన్నీ కనిపించాలి. మూడు వంతుల్లో వచ్చే భోజనాన్ని ఒకే ప్లేట్లోకి కుదించేసరికి పాస్తా మీద చికెన్, చికెన్ పక్కన బ్రాకలీ, అన్నిటినీ కలిపి ఉంచడానికి క్రీమ్. ఇందులో వంటవాడి తప్పు కన్నా బల్ల తప్పు ఎక్కువ.

ఇక్కడ ఒక తేడా చూడాలి. వలస వెళ్ళినవాళ్ళు మార్చుకున్న వంట వేరు, హోటళ్ళు మార్చిన వంట వేరు. 1880 నుంచి 1915 మధ్య దాదాపు కోటీ ముప్పై లక్షల మంది ఇటలీ వదిలి వెళ్ళారు. అమెరికా చేరినవాళ్ళలో ఎక్కువమంది దక్షిణాన ఉన్న సిసిలీ, కలాబ్రియా, కంపానియాల పేదలు. సొంతూళ్ళో మాంసం పండక్కో పబ్బానికో. న్యూయార్క్‌లో కూలిపని చేసుకునేవాడికి కూడా వారం వారం మాంసం అందింది. పాత ఊళ్ళో చిన్నగా చేసి విడిగా తినే మాంసపు ఉండలు కొత్త ఊళ్ళో పెద్దవై స్పగెట్టి మీదికి ఎక్కాయి. ఆకలి తెలిసిన తల్లి బిడ్డ కంచంలో పెట్టిన మాంసం అది. స్పగెట్టి అండ్ మీట్‌బాల్స్ ఇటలీలో లేదని వెక్కిరించేవాళ్ళంటే నాకు చికాకు. పైగా ఆ మాట పూర్తిగా నిజం కూడా కాదు, అబ్రుట్సో ప్రాంతంలోని తేరమోలో గోలీలంత మాంసపు ఉండలతో పాస్తా చేస్తారు. అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరిస్‌లో నెలనెలా 29న న్యోకి అనే బంగాళాదుంప ఉండలు తినే ఆచారం కూడా ఇలా వలసవాళ్ళ ఇళ్ళతో వెళ్ళినదే. అది ఇంట్లో పెరిగిన మార్పు, దానికో మనసుంది. కార్పొరేట్ వంటగదిలో ఖర్చు లెక్కల మీద పుట్టిన మార్పును దాని పక్కన కూర్చోబెట్టి రెండూ ఒకటే అంటే ఒప్పుకోను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, ఇటలీ దాటి అసలు బయటికే రాని వంటలు. పేదల వంట అని వాళ్ళే పిలుచుకునే వంటంతా ఉంది. టస్కనీలో ఎండిపోయిన రొట్టె, తెల్ల బీన్స్, నల్లటి కేల్ ఆకు కలిపి ఉడికించి, మర్నాడు మళ్ళీ వేడి చేసి తినే రిబొల్లీత. పూల్యాలో ఎండు ఫావా గింజలను పప్పులా మెత్తగా ఉడికించి, చేదు ఆకుకూర పక్కన పెట్టి, పైన ఆలివ్ నూనె పోసేది. పెద్ద శనగలతో పాస్తా. దక్షిణాన చీజ్ కొనలేనివాళ్ళు రొట్టె పొడిని నూనెలో కరకరలాడేలా వేయించి పాస్తా మీద చల్లుకునేవారు. నా మటుకు నాకు అది చాలాసార్లు చీజ్ కన్నా బాగుంటుంది.

ఇటలీ వెళ్ళిన మన శాకాహారులు పిజ్జా తప్ప దొరకదని రెండో రోజుకే ఇన్‌స్టంట్ ఉప్మా పాకెట్లు విప్పుతారు. జెనోవాలో శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి గంటల తరబడి నానబెట్టి, వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే ఫరినాత ఉంటుంది. అంచులు కరకర, మధ్యలో మెత్తన, పైన మిరియాల పొడి. పలెర్మోలో అదే శనగపిండిని ఉడికించి, ఆరబెట్టి, ముక్కలు కోసి నూనెలో వేయించి బన్నులో పెట్టిస్తారు, వాటి పేరు పనెల్లె. శనగపిండి రుచి మన నాలుకకు కొత్త కాదు, అయినా ఈ రెండు పేర్లూ మనలో ఎంతమందికి తెలుసు? మరోవైపు, శాకాహారమని నమ్మి పార్మిజానో తింటున్నవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ చీజ్ కోసం పాలను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొడతారు, దాని నిబంధనలే అలా ఉన్నాయి. పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినాలి.

2025 డిసెంబరులో దిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇటాలియన్ వంటను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. మన దీపావళి చేరింది కూడా అక్కడే. నేపుల్స్ పిజ్జా కళకు 2017లోనే ఆ గౌరవం దక్కింది కానీ, ఈసారి యునెస్కో ఎత్తి చెప్పిన మాట వేరు. ఏదీ పారేయకుండా వండుకోవడం, ఆ రుచులూ నేర్పూ పెద్దల నుంచి పిల్లలకు అందడం. రిబొల్లీత వండే ఇంటికి దక్కిన గౌరవం అది. విదేశీ మెనూ తెరిచి చూస్తే ఆ ఇంటి వంట ఒక్కటీ ఉండదు.

ఎందుకు ఉండదో నాకు తెలుసు. ఇరవై డాలర్లు తీసుకుని శనగల గిన్నె పెట్టడానికి హోటలాయనకు ధైర్యం చాలదు, ఇవ్వడానికి మనకూ చేతులు రావు. క్రీమ్, చీజ్, మాంసం కనిపిస్తే డబ్బుకు తగ్గది దొరికిందనిపిస్తుంది. అలా అని తల ఊపి ఊరుకోలేను. గుమ్మం మీద 'ఆథెంటిక్ ఇటాలియన్' అని బోర్డు పెట్టుకున్నవాళ్ళకు ఆ పేరు వల్ల కొంత బాధ్యత వస్తుంది. మెనూలో ముప్పై పాస్తాలు ఉంచే బదులు ఎనిమిది ఉంచండి, ఆర్డర్ వచ్చాక ఉడికించండి. పది నిమిషాలు ఆలస్యమవుతుందని చెప్పండి. శనగల పాస్తా ఒక్కటి పెట్టి చూడండి, సరిగ్గా వండితే అడిగి తినేవాళ్ళు వస్తారు. న్యూయార్క్‌లో, లండన్‌లో ఇలా నడిపేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళవి చిన్న చోట్లు, ఖరీదైన చోట్లు. పేదల తిండి డబ్బున్నవాళ్ళకే దొరకడం నాకు మింగుడుపడని విషయం.

మన దగ్గరికి వస్తే, హైదరాబాద్ పెళ్ళిళ్ళలో లైవ్ పాస్తా కౌంటర్ లేని విందు ఇప్పుడు తక్కువ. రెడ్ సాస్, వైట్ సాస్, రెండూ కలిపితే పింక్. వైట్ సాస్ అంటే వెన్నలో మైదా వేయించి పాలు పోసి చిక్కబరిచింది. ఇటలీలో దాన్ని లసాన్య పొరల మధ్య వేసి ఓవెన్‌లో పెడతారు, అక్కడ దాని పని దానికుంది. ఉడికి మెత్తబడిన పెన్నె అనే గొట్టాల పాస్తా మీద, స్వీట్‌కార్న్, క్యాప్సికమ్‌తో కలిపి పోస్తే మైదా మీద మైదా. మొన్నామధ్య ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ ప్లేటు పట్టుకుని వచ్చి, "ఒరేయ్, ఏళ్ళ తరబడి నువ్వు అక్కడ తిన్నది ఇదేనా? ఎలా బతికావురా?" అంది. "ఇది కాదు పెద్దమ్మా" అన్నాను. కారం తినే నోరు ఆవిడది. ఆవిడకు ఆ కౌంటర్ దగ్గరే నచ్చేది పెట్టొచ్చని అప్పుడే అనిపించింది.

వెల్లుల్లిని పల్చటి బిళ్ళలుగా కోసి, చల్లటి ఆలివ్ నూనెలో వేసి సన్న మంట మీద పెట్టాలి. అంచులు బంగారు రంగు తిరిగేలోపు ఎండుమిరపకాయ తుంచి వెయ్యాలి, మాడితే చేదు. ఒక గరిటెడు పాస్తా నీళ్ళు పోస్తే పెనం బుసకొట్టి నూనె తెల్లగా చిక్కబడుతుంది. అప్పుడు ఒక్క పలుకు మిగిలేలా ఉడికిన స్పగెట్టి వేసి నిమిషం ఎగరేస్తే చాలు. రోమ్‌లో, నేపుల్స్‌లో అర్ధరాత్రి ఆకలేస్తే చేసుకునేది ఇదే. చీజ్ అక్కర్లేదు, మనిషికి రెండు చెంచాల నూనె. ఉడకడానికి తొమ్మిది నిమిషాలంటే పెళ్ళిలో కుదరదంటారు, కానీ దోసె కౌంటర్ దగ్గర జనం అంతసేపూ వరసలో నిలబడుతూనే ఉన్నారు.

ఫిబ్రవరిలో మా బాబాయి కూతురి పెళ్ళి ఉంది. క్యాటరింగ్ ఆయనతో మాట్లాడాను. వైట్ సాస్ తీసేస్తే పిల్లలు ఊరుకోరన్నారు, అది అలాగే ఉండనివ్వమన్నాను. పక్కన రెండో పొయ్యి పెట్టాలంటే మాత్రం ముందు వాళ్ళ వంటశాలలో కేజీ స్పగెట్టి వండి, వాళ్ళ వంటవాళ్ళకు తినిపించి ఒప్పించమన్నారు. వచ్చే ఆదివారం పొద్దున వెళ్తున్నాను.